కత్తెరమ్మ వదిలిన అంగుళం

బ్యాండు మేష్టారు కొత్త కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు. తర్వాత పొట్ట దగ్గర గుడ్డని రెండు చేతులా పట్టుకుని ముందుకు లాగాడు. పిడికిళ్ళ నిండా వచ్చింది.

"అమ్మాయ్, ఇందులో నేనూ నా డోలూ కలిసి కాపురం చెయ్యొచ్చే," అన్నాడు.

ఆయన వెంట వచ్చిన ఇద్దరు వాయిద్యగాళ్ళు ఫక్కున నవ్వారు. వాళ్ళ కోట్లు వాళ్ళు తొడుక్కున్నాక ఆ నవ్వు ఆగిపోయింది. ఒకాయనకి భుజాల కుట్లు జారి మోచేతుల దారి పట్టాయి. ఇంకొకాయన ఊపిరి బిగబట్టి ఎంత ఉబ్బినా గుండీల దగ్గర గుడ్డ వేలాడుతూనే ఉంది. మొత్తం పదకొండు కోట్లు. పోటీ ఆదివారం. ఆ రోజు మంగళవారం.

కోడలు మిషను ముందు నుంచి లేచి నిలబడింది. కుట్టింది తను. కత్తిరించింది అత్తగారు. ఆ అత్తగారు కిటికీ పక్కన కత్తిరింపు బల్ల దగ్గర ఎత్తుపీట మీద కూర్చుని, ఈ గొడవకీ తనకీ ఏ సంబంధమూ లేనట్టు సుద్దముక్కని వేళ్ళ మధ్య తిప్పుతోంది.

"ఏం కత్తెరమ్మగారూ, పదిహేనేళ్ళ నుంచి నా నడుము మీ చేతిలోనే ఉంది. మర్చిపోయారా?" మేష్టారు వేళాకోళంగానే అడిగాడు.

"ఏమో నాయనా. మర్చిపోయానేమో," అంది కత్తెరమ్మ.

కోడలి గుండె జారింది ఆ మాటకి. పదకొండు కోట్లు పాడైనందుక్కూడా అంత జారలేదు.

ఏడాది కిందటైతే ఆ బల్ల దగ్గర ఇలాంటి మాట అని తప్పించుకుపోయినవాళ్ళు లేరు. చేతులు పొడుగయ్యాయని ఒక గుమాస్తా అంటే, "పొడుగు కోటుది కాదు, పొట్టి నీది. ఎదిగి రా, సరిపోతుంది," అని పంపించేసిన మనిషి. చదువు లేదు. అక్షరాలు రావు గానీ టేపు మీది అంకెలు మాత్రం కంఠతా వచ్చు. కొలతల పుస్తకం కొడుకు పోరితే పెట్టారు తప్ప ఆమె దాని మొహం ఎప్పుడూ చూడలేదు. రోడ్డు మీద ఎవరైనా నమస్కారం పెడితే, "ఎవరో గుర్తు రావడం లేదు గానీ, ఛాతీ ముప్పై తొమ్మిది, ఎడమ భుజం అరంగుళం కిందికి," అనేది. అసలు పేరు ఇంట్లో వాళ్ళే మర్చిపోయేంతగా కత్తెరమ్మ అన్న పేరు అతుక్కుపోయింది.

కొట్టు పెట్టింది ఇద్దరు అన్నదమ్ములు. వాళ్ళు ఒకరి వెనక ఒకరు పోయాక, దాన్ని నిలబెట్టింది ఇద్దరు తోటికోడళ్ళు. పెద్దావిడకి పిల్లలు లేరు. ఆవిడ కుట్టేది, చిన్నావిడ కత్తిరించేది. ఇద్దరి మధ్య మూడడుగుల దూరం, ముప్పై ఆరేళ్ళు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఒకటే వాగ్వాదం. దారం గురించి, కిటికీ తలుపు గురించి, టీలో పంచదార గురించి. పెళ్ళై వచ్చిన కొత్తలో కోడలు అది విని, ఈ ఇల్లు ఇవాళో రేపో రెండు ముక్కలవుతుందనుకుంది. ఆ తర్వాత అర్థమైంది, వాళ్ళు పోట్లాడుకోని రోజున ఒకరికి ఒంట్లో బాలేదని లెక్క.

ఎనిమిది నెలల కిందట పెద్దావిడ పోయింది. మిషను మీద తల వాల్చి, కాసేపు నడుం వాల్చినట్టే పోయింది.

కత్తెరమ్మ ఏడవలేదు. గట్టి మనిషి అన్నారందరూ. మూడు వారాలకి ఆమె టీ తాగి, తాగానా అని అడిగింది. నెల తిరిగేసరికి గుండీల కొట్టు దాకా వెళ్ళి, ఎందుకొచ్చిందో తెలియక ఉత్తచేతులతో తిరిగొచ్చింది. ఎవరైనా ఏదైనా చెబితే తల ఊపేది. గంట తర్వాత అదే మాట కొత్తగా వినేది. ఒకరోజు ఇస్త్రీ పెట్టె వేడి మీదే వదిలేసి కూర్చుంది. బల్ల మీది దుప్పటి కాలి, చెక్క దాకా పోయింది. పొగ చూసి కోడలు మేడ మీంచి పరుగెత్తుకొస్తే, ఆ పొగలోనే కూర్చుని ఉంది, మొహం కిటికీ వైపు తిప్పుకుని.

ఆ పొగ వాసన కొడుకు బుర్రలోంచి పోలేదు. బస్సుల డిపోలో టైర్లు చూసే పని అతనిది. ఏ టైరు ఎప్పుడు పేలుతుందో ముందే పసిగట్టడం అతని ఉద్యోగం. ఇంట్లోనూ అదే చూపు వచ్చేసింది. ఆ మంగళవారం డ్యూటీ దిగి వచ్చేసరికి బ్యాండు మేష్టారు ఇంకా వీధిలోనే నిలబడి ఉన్నాడు. కోట్ల సంగతి ఆయన నోటే విన్నాడు. లోపలికి వచ్చి చెప్పులు విప్పకుండానే భార్యతో అన్నాడు.

"ఇంక చాలు. శుక్రవారం మంచం ఖాళీ అవుతోంది. చేర్పించేద్దాం."

ఊరి చివర మతిమరుపు వాళ్ళని ఉంచే ఇల్లు ఒకటుంది. అక్కడ చేర్చుకోవాలంటే పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చూసి ఫారం మీద సంతకం పెట్టాలి. గురువారం పదింటికి రమ్మన్నారు. శుక్రవారం సాయంత్రం అయిదు లోపల ఫారం అందకపోతే మంచం వేరేవాళ్ళకి.

"అత్తయ్యకి ఏమని చెబుతారు?"

"కళ్ళు చూపించుకోడానికని చెబుతాను."

"అబద్ధం కదండీ."

"నిజం చెప్పినా గంటకి మర్చిపోతుందిగా!" అని అరిచాడు. అరిచాక తనే తగ్గాడు. "చూడు, నువ్వు ఒక్కదానివీ ఎన్నాళ్ళని కాపలా కాస్తావు? రేపు గ్యాస్ తిప్పేసి కూర్చుంటే?"

కోడలు ఎదురు చెప్పలేదు. ఆమె నోరు తిరిగిన మనిషి కాదు. పైగా ఆ మాటలో ఆమెకి హాయి కూడా అనిపించింది, అదే సిగ్గు. ఎనిమిది నెలలుగా అత్తగారి వెనకాల స్టవ్వు కట్టేస్తూ, గడియ వేస్తూ, చెప్పిందే చెబుతూ అలిసిపోయి ఉంది. శుక్రవారం తర్వాత ఒక పూట నిశ్చింతగా నిద్రపోవచ్చు అన్న ఆలోచన వచ్చి, దాన్ని తోసేసి, కోట్లు ముందేసుకుని కూర్చుంది.

ఆదివారం లోపల పదకొండు కోట్లూ విప్పి బిగించాలి. ముందు ఏది ఎంత వదులుందో చూద్దామని టేపు తీసింది. పుస్తకంలో కొలత, కోటు కొలత, పక్కపక్కన రాసుకుంటూ పోయింది. డోలు మేష్టారు కోటు ఛాతీ దగ్గర మూడంగుళాలు వదులు. పిల్లనగ్రోవి వాయించే పుల్లలాంటాయన కోటూ మూడంగుళాలే. తాళాలాయనదీ మూడు. నాలుగో కోటుకొచ్చేసరికి ఆమె చెయ్యి ఆగింది. గబగబా మిగతావన్నీ కొలిచింది. పదకొండూ మూడంగుళాలే, ఒక్క నూలుపోగు అటూ ఇటూ లేదు.

మతి చెదిరిన చెయ్యి ఒక్కో కోటు మీద ఒక్కో తప్పు చెయ్యాలి. ఒకటి బిగుతవ్వాలి, ఒకటి వదులవ్వాలి, ఒకదానికి చెయ్యే మర్చిపోవాలి. ఇదేమిటి, గీత గీసినట్టు?

అప్పుడు ఆమెకి ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. ఇది మొదటిసారి కాదు. కోట్ల కుట్టు తను మొదలుపెట్టిన ఈ నాలుగు నెలల్లో మూడు కోట్లు ఇలాగే వదులొచ్చాయి. అత్తగారి చెయ్యి తప్పిందనుకుని, మొగుడికి తెలిస్తే గొడవవుతుందని, ఎవరికీ చెప్పకుండా పక్క కుట్లు లోపలికి తీసి సరిపెట్టేసింది. మంచి చేశాననుకుంది.

బుధవారం పొద్దున బాగుచేతల బుట్టలో ఒక పాత కోటు చేతికొచ్చింది. లోపలి అస్తరు చిరిగిందని ఒక బడి మేష్టారు ఇచ్చి వెళ్ళాడు. పన్నెండేళ్ళ నాటిది. అత్తగారు కత్తిరించి, పెద్దత్తగారు కుట్టిన కోటు. అస్తరు విప్పి లోపల చూసింది కోడలు. కుట్టుకి అవతల మిగిలిన గుడ్డ నిండా ఒక అంగుళం ఉంది. మామూలుగా అందరూ వదిలేది అరంగుళం. కుట్టు శిక్షణ కేంద్రంలో ఆమెకి నేర్పిందీ అదే. గుడ్డ అంచుని మిషను పళ్ళెం మీది అరంగుళం గీతకి ఆనించి కుట్టుకుంటూ పోవాలి. రెండో కుట్టు చూసింది. అంగుళం. వెన్ను మీది కుట్టు చూసింది. అక్కడా అంగుళమే.

ఒక్కో అంచున అరంగుళం ఎక్కువ వదిలితే, రెండంచులు కలిసే కుట్టుకి ఒక అంగుళం. కోటు ఒంటికి మూడు కుట్లు. మొత్తం మూడంగుళాలు.

పెద్దత్తగారి కుడి చూపుడు వేలు ఆమె కళ్ళ ముందు మెదిలింది. ఎప్పుడో మిషను సూది గోరులోంచి దిగి ఎముకకి తగిలిందట. ఆ వేలు ఆ తర్వాత వంగలేదు. టీ గ్లాసు పట్టుకున్నా అది బాణంలా ఎదుటివాళ్ళ వైపు చూస్తూ ఉండేది. అలాంటి వేలితో సూది పక్కనే అరంగుళం అంచు పట్టుకుని తోయడం కుదరదు. దూరంగా పట్టుకోవాలి. దూరంగా పట్టుకోవాలంటే గుడ్డ ఎక్కువుండాలి. కత్తెరమ్మ ఆ గుడ్డ వదిలింది. నీ కోసం వదులుతున్నానని ఆవిడతో అననూ లేదు. ఆవిడ పోయాక కూడా వదులుతూనే ఉంది.

కోడలు కోటు పట్టుకుని బల్ల దగ్గరికి వెళ్ళింది.

"అత్తయ్యా, ఇది చూడండి. కుట్టుకి మీరు ఎంత వదులుతారు?"

కత్తెరమ్మ కోటు వైపు చూసింది. అది కోటో, గోడో తేడా లేనట్టు చూసింది.

"ఏమోనే అమ్మాయ్. నన్నేం అడక్కు."

ఆ సాయంత్రం మొగుడితో చెప్పబోయింది. అతను ఫారం నింపుతున్నాడు.

"ఏవండీ, కోట్ల తప్పు అత్తయ్యది కాదేమో. నాది."

"నువ్వు అడ్డం పడకు. ఇవాళ కోటు, రేపు కొంప. ఇస్త్రీ పెట్టె కూడా నువ్వే వదిలేశావా?"

నిజమే, ఇస్త్రీ పెట్టె వదిలేసింది అత్తగారే. ఏది మరుపో, ఏది కాదో తేల్చడానికి తనెవరు? బడి మధ్యలో మానేసిన మనిషి. తను నోరు మూసుకుంటే శుక్రవారానికి అన్నీ సర్దుకుంటాయి. తెరిస్తే ఆ మూడు కోట్ల సంగతి బయటపడుతుంది, ఈ పదకొండూ నెత్తిన పడతాయి, అంతా అయ్యాక కూడా డాక్టరమ్మ అది మతిమరుపేనని సంతకం పెట్టొచ్చు.

గురువారం పదింటికి ముగ్గురూ ఆసుపత్రి గదిలో కూర్చున్నారు. డాక్టరమ్మకి యాభై దాటి ఉంటాయి. కళ్ళజోడు తాడుకి కట్టి మెళ్ళో వేసుకుంది. ఫారం ఎదురుగా పెట్టుకుని, కత్తెరమ్మనే అడిగింది.

"ఎందుకొచ్చారో తెలుసా అమ్మా?"

"కళ్ళకి."

డాక్టరమ్మ కొడుకు వైపు ఒక చూపు చూసింది. అతను నేల చూశాడు.

"కళ్ళకి కాదమ్మా. మీకు మరుపొచ్చిందని, మిమ్మల్ని చూసుకునే ఒక ఇంట్లో చేర్చాలనుకుంటున్నారు మీ అబ్బాయి."

కోడలు కుర్చీ అంచు పట్టుకుంది. ఇప్పుడు అరుస్తుంది, ఇప్పుడు కొడుకుని కడిగేస్తుంది అనుకుంది.

"చేర్చనీ. ఎక్కడైతే ఏం," అంది కత్తెరమ్మ.

డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాసుకుంది. "ఇవాళ ఏ వారం?"

"తెలీదు."

"ఇది ఏ నెల?"

"తెలీదు."

"వందలోంచి ఏడు తీసేస్తే?"

"నాకు రాదు."

ముప్పై తొమ్మిదింబావుని నాలుగు భాగాలు చేసి నోటితో చెప్పే మనిషి. కొడుకు కల్పించుకుని, "పొద్దున చెప్పానండీ, గురువారమని. చెప్పి రెండు గంటలు కాలేదు," అన్నాడు.

"మీరు కాసేపు ఆగండి," అంది డాక్టరమ్మ. "అమ్మా, కొంచెం ఆలోచించి చెప్పండి."

"ఆలోచించి ఏం చెయ్యాలి తల్లీ?"

పైన ఫ్యాను తిరుగుతోంది. డాక్టరమ్మ కలం బల్ల మీద పెట్టి, మళ్ళీ తీసుకుంది. "ఈ మరుపు ఎప్పట్నించి?"

"వయసు కదండీ," అన్నాడు కొడుకు. "రెండు మూడేళ్ళ నుంచీ కొద్దికొద్దిగా..."

"కాదండీ," అంది కోడలు.

ఆ గొంతు తనదేనా అని ఆమెకే అనుమానం వచ్చింది. మొగుడు తల తిప్పి చూశాడు. అతని చూపు తగలకుండా డాక్టరమ్మ కళ్ళజోడు తాడుని చూస్తూ చెప్పుకుపోయింది.

"ఎనిమిది నెలలేనండీ. పెద్దత్తయ్య పోయిన మూడో వారం నుంచి. అంతకు ముందు ఏదీ మర్చిపోలేదు. తెల్లారకముందే లేచి కూర్చుంటున్నారు. తిండి సగానికి సగం. ఈ జాకెట్టు నేను రెండుసార్లు బిగించాను, మళ్ళీ వదులైంది. ఏడవరు, నవ్వరు, తిట్టరు. అసలు తిట్టడమే లేదండీ. ఇంకోటి కూడా ఉంది. కోట్లు."

"ఏం కోట్లు?"

చెప్పింది. పదకొండు కోట్ల గురించి, అన్నిట్లో ఒకే మూడంగుళాల గురించి చెప్పింది. వంగని వేలి గురించి చెప్పింది. ఎవరికీ తెలియకుండా తను సరిపెట్టేసిన మూడు కోట్ల గురించి కూడా చెప్పింది. "తప్పు నాదండీ. నేను అరంగుళంలో కుట్టాను. ఆవిడని ఒక్కసారైనా అడగలేదు."

మొగుడి మొహం ఎర్రబడింది. అతను నోరు తెరిచేలోపల పక్కనుంచి ఇంకో గొంతు వచ్చింది.

"అరంగుళంలో కుట్టావా?"

కత్తెరమ్మ కుర్చీలో ముందుకు జరిగింది. చాలా రోజుల తర్వాత ఆమె కోడలి మొహంలోకి చూసింది.

"అవునత్తయ్యా."

"ఎవరు నేర్పారే నీకు కుట్టు? అడగొద్దూ? అరంగుళమైతే అక్క వేలు సూది కిందికి పోదూ?"

కత్తెరమ్మ పెదవులు ఆ మాటనే లోపల ఇంకోసారి అనుకున్నట్టు కదిలాయి.

"పోదులే," అంది మెల్లగా. "ఇంక పోదు."

ఆ తర్వాత ఏడ్చింది. ఎనిమిది నెలలది ఒక్కసారిగా వచ్చినట్టు, ముక్కు చీదుకోడానిక్కూడా ఆగకుండా ఏడ్చింది. కొడుక్కి ఏం చెయ్యాలో తోచక తన రుమాలు ఇచ్చాడు. దానికి గ్రీజు మరకలున్నాయి. ఆమె చూసుకోలేదు.

డాక్టరమ్మ ఫారాన్ని పక్కకి జరిపింది.

"దీని మీద ఇవాళ సంతకం పెట్టను," అంది కొడుకుతో. "మీ అమ్మగారిది నాకు ముందు దిగులు జబ్బులా కనిపిస్తోంది. డిప్రెషన్. పెద్దవయసులో ఇది ఏడుపుగా బయటికి రాదు చాలామందికి. మరుపుగా వస్తుంది. మనసు కుంగిపోయినప్పుడు మనం చెప్పే మాట లోపలికి వెళ్ళదు. లోపలికి వెళ్ళని మాట బయటికెలా వస్తుంది? నేను అడిగినవాటికి ఆమె తప్పు జవాబు చెప్పలేదు, చూశారా? అసలు వెతుక్కోలేదు. తెలీదు అనేసి ఊరుకున్నారు."

"మరి ఇస్త్రీ పెట్టె అండీ?"

"అది నిజమైన మరుపే. అబద్ధం కాదు, నటన కాదు. అందుకే జాగ్రత్తగా ఉండాలి. ఒక్కటి మాత్రం ఇప్పుడే చెబుతున్నాను. దిగులు తగ్గితే మరుపంతా పోతుందని నేను మాటివ్వలేను. కొందరికి పోతుంది. కొందరికి ఈ దిగులు వెనకాలే అసలు మతిమరుపు జబ్బు మొదలై ఉంటుంది. రెండూ కలిసి కూడా ఉండొచ్చు. రక్తపరీక్షలు చేద్దాం, థైరాయిడ్, విటమిన్లు చూద్దాం. మందు రాస్తాను. వారం వారం వచ్చి మా దగ్గర ఒకావిడతో మాట్లాడాలి. మూడు నెలల తర్వాత మళ్ళీ పరీక్ష చేస్తాను. అప్పుడు చెబుతాను సంతకం సంగతి."

వరండాలోకి వచ్చాక కొడుకు భార్య మీద విరుచుకుపడ్డాడు. "నాకు ముందే చెప్పొచ్చుగా!"

"చెప్పనిచ్చారా?" అంది ఆమె.

ఊరి చివరి ఆ ఇంటివాళ్ళకి ఫోను చేస్తే, శుక్రవారం మంచం వేరేవాళ్ళకి ఇచ్చేస్తామని, పేరు మాత్రం జాబితాలో ఉంచుతామని అన్నారు. మూడు నెలల్లో ఏదో ఒకటి తేల్చి చెప్పమన్నారు. ఆ తేదీ మీద కొడుకు కేలండర్లో సున్నా చుట్టాడు.

శనివారం సాయంత్రానికి కోడలు పదకొండు కోట్లూ బిగించి ఇచ్చింది. బ్యాండు పోటీలో మూడోదిగా వచ్చింది. డోలు గట్టిగా మోగకపోవడానికి కోటే కారణమని మేష్టారు ఊరంతా చెప్పుకున్నాడు.

మందు మొదలుపెట్టిన మొదటి వారం కత్తెరమ్మకి కడుపులో తిప్పింది. రెండో వారం తిప్పడం తగ్గింది, ఇంకేమీ మారలేదు. మూడో వారం కూడా అదే కిటికీ, అదే చూపు. ఒకరోజు అత్తగారి దిండు గలేబు మారుస్తుంటే అందులోంచి నాలుగు బిళ్ళలు రాలిపడ్డాయి. మొగుడికి చెబితే సున్నా చుట్టిన తేదీ దాకా కూడా ఆగడు. అయినా ఈసారి దాచలేదు. దాచితే ఏమవుతుందో ఒకసారి చూసింది. అతను విని, బిళ్ళలు అరచేతిలో వేసుకుని, తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఎందుకమ్మా?"

"ఇవి మింగితే అక్కని మర్చిపోతానేమోనని భయంగా ఉందిరా."

అతను లేచి బయటికి వెళ్ళిపోయాడు. కాసేపటికి తిరిగొచ్చి, అప్పటి నుంచి పొద్దున బిళ్ళ తనే ఇచ్చాడు, మింగేదాకా ఎదురుగా నిలబడి. ఆ వారం ఆసుపత్రిలో మాట్లాడే ఆవిడ కత్తెరమ్మతో గంటన్నర కూర్చుంది. ఏం మాట్లాడుకున్నారో ఎవరికీ చెప్పలేదు. కత్తెరమ్మ బయటికొచ్చి, "ఆ పిల్లకి నడుము పట్టేలా జాకెట్టు కుట్టేవాళ్ళే లేరు పాపం," అంది.

ఆరో వారంలో కొట్టుకి ఒక గుమాస్తా వచ్చాడు. కోడలు కొలత తీస్తోంది.

"టేపు అలా పట్టకు," అంది కత్తెరమ్మ పీట మీంచి. "ఆయనకి ఎడమ భుజం కిందికి. బ్యాగు మోసీ మోసీ అయింది. చూసే కళ్ళుండాలి."

గుమాస్తా నొచ్చుకున్నాడు. కోడలికి మాత్రం ఆ తిట్టు వినగానే టేపు చేతిలోంచి జారిపోయింది.

ఆ కోటు కత్తెరమ్మే కత్తిరించింది. కోడలి కుట్టుకి ఎంత కావాలో అడిగి మరీ సుద్ద గీసింది. ముందు భాగానికి అరంగుళం వదిలింది. వెనక భాగానికి వచ్చేసరికి అంగుళం వదిలింది. కోడలు చూపించింది. కత్తెరమ్మ గుడ్డ కేసి చాలాసేపు చూసి, "చెయ్యి దాని పాట అది పాడుతోందే," అని మళ్ళీ గీసింది. ఒకసారి స్టవ్వు మీద పాలు వదిలేసింది కూడా. పొంగు వాసనకి తనే లేచి వెళ్ళింది. కొడుకు గుమ్మంలో నిలబడి అంతా చూశాడు. ఏది ఏ లెక్కలో వెయ్యాలో అతనికీ తెలియలేదు.

మూడు నెలలూ నిండాయి. అదే గది, అదే ఫ్యాను. డాక్టరమ్మ మూడు మాటలు చెప్పింది. రైలు, గొడుగు, నిమ్మకాయ. గుర్తుపెట్టుకోమంది. తర్వాత ఇవాళ ఏ వారమో అడిగింది. కత్తెరమ్మ సరిగ్గా చెప్పింది. తేదీ అడిగితే నాలుగు రోజులు వెనక చెప్పింది. వందలోంచి ఏడు తీసేయమంటే తీసేసి, అందులోంచి ఇంకో ఏడు, ఇంకో ఏడు, ఆపమన్నదాకా తీసుకుంటూ పోయింది. కొడుకు చేతుల్లో ఫారం నలిగిపోయి ఉంది.

"ఇందాక చెప్పిన మూడు మాటలు?"

"రైలు." ఆగింది. "నిమ్మకాయ." మళ్ళీ ఆగింది. నుదురు ముడిపడింది. కళ్ళు మూసుకుంది. కొడుకు ముందుకు వంగాడు. ఆ మూడో మాట తన నాలుక చివరే ఉన్నా తను చెప్పకూడకపోవడం ఎంత నరకమో కోడలికి తెలిసింది. "మూడోది... తడుస్తుంది."

"ఏం తడుస్తుంది?"

"ఉండమ్మా, తరమకు. వెతుక్కుంటున్నా." కాసేపు వెతుక్కుంది. "పోయింది. దొరకలేదు. నువ్వే చెప్పు."

"గొడుగు."

"అదే! మనం తడవకుండా అది తడుస్తుంది."

డాక్టరమ్మ నవ్వింది. కొడుకు నవ్వలేదు. "అంటే, బాగైనట్టా కానట్టా?"

"మూడు నెలల కిందట ఈవిడ వెతుక్కోలేదు. ఇవాళ వెతుక్కున్నారు. మూడింట్లో రెండు దొరికాయి. అంతా బాగైపోయిందని నేను రాయలేను. ఆ మూడోది ఎందుకు దొరకలేదో ఇంకో ఆరు నెలలు చూస్తే గానీ తెలీదు. మందు ఆపకండి. పని ఆపనివ్వకండి. స్టవ్వు దగ్గర, ఇస్త్రీ దగ్గర మాత్రం ఒక కన్నేసి ఉంచండి. ఈ ఫారం మీద ఇప్పుడైతే సంతకం పెట్టాల్సిన అవసరం నాకు కనిపించడం లేదు. నిర్ణయం మీది."

మెట్లు దిగుతుండగా కొడుకు జేబులో ఫోను మోగింది. ఆ ఇంటివాళ్ళు. మంచం ఒకటి ఖాళీ అయిందట, ఇప్పుడే చెప్పాలట. అతను మెట్ల మీదే ఆగిపోయాడు. భార్య వైపు చూశాడు. ఆరు నెలలంటే ఇంకెన్ని పూటలు ఆ స్టవ్వు వైపు చూడాలో ఆమె మనసు అప్పుడే లెక్కపెట్టుకుంది. అయినా తల అడ్డంగా ఊపింది.

"వద్దని చెప్పేస్తాను," అన్నాడు అతను ఫోను చెవికి ఆనించుకుంటూ.

"ఆగరా," అంది కత్తెరమ్మ. మెట్ల కమ్మీ పట్టుకుని ఒక మెట్టు కిందికి దిగి, కొడుకు ఎదురుగా నిలబడింది. "చేర్చేటప్పుడు నన్నడగలేదు. మానేసేటప్పుడైనా అడుగు."

ఫోనులో అవతలి మనిషి హలో హలో అంటున్నాడు. కొడుకు దాన్ని ఛాతీకి అదుముకున్నాడు.

"ఏం చెప్పమంటావమ్మా?"

కత్తెరమ్మ వెంటనే చెప్పలేదు. ఆలోచించింది. మెట్ల మీద జనం వాళ్ళని తప్పుకుంటూ ఎక్కుతున్నారు, దిగుతున్నారు. ఆమె తొందరపడలేదు.

"రానని చెప్పు," అంది. "పనుందని చెప్పు."